గుమ్మం బయట విడిచిన బూట్లు

నిన్న శనివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక జరిగింది. బెంటన్‌విల్‌కి కాస్త ఎడంగా కట్టుకున్న కొత్త ఇల్లు, వెనక పచ్చిక, ముందు రెండు కార్లు పట్టే గరాజ్. పొద్దుటినుంచీ ముసురు పట్టింది కాబట్టి వచ్చినవాళ్లంతా బూట్లూ చెప్పులూ గరాజ్‌లోనే విడిచి సాక్సులతో లోపలికి నడిచారు. తడిసిన రబ్బరు వాసన, సాక్సుల చెమట, వాటి మీదుగా వంటింట్లోంచి బిర్యానీ మసాలా, అన్నీ కలిసి తలుపు సందులోంచి హాల్లోకి వచ్చిన క్షణం నుంచి నాకు కుదురు లేదు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకున్నాను గానీ చెవులు గరాజ్ వైపే ఉన్నాయి. నీళ్ల సీసాలు తెచ్చే వంకతో లేచి వెళ్లి చూశాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. మా ఆయన విసుగ్గా చూశాడు. నా చిన్నప్పటి బూట్ల సంగతంతా ఆయనకి ఎప్పుడో చెప్పాను. కానీ కాకినాడలో ఏ లోటూ లేకుండా పెరిగిన మనిషి, బూట్లు పోతే ఇంకో జత కొనుక్కోవాలని తప్ప ఆయనకి ఇంకేమీ తోచదు.

గరాజ్‌లో మా అన్న ప్రభుదాసు ఉన్నాడు. హ్యూస్టన్ నుంచి ఒక్కడే కారు నడుపుకుంటూ వచ్చాడు, అమ్మకి ఇష్టమని ఎండు రొయ్యలు తెచ్చాడు, పిల్లలకి బొమ్మలు తెచ్చాడు, కూడిక మొదలయ్యే వేళకి మాత్రం "మీరు కానీండి, నేనిక్కడ చూసుకుంటా" అని మడత కుర్చీ వేసుకుని బూట్ల దగ్గర కూర్చున్నాడు. ఏసీలు బాగుచేసే పనిలో చేతులు కాయలు కాసిన మనిషి. పెద్దవాళ్లవి ఒక వరసగా, పిల్లలవి ఒక వరసగా, లేసులు లోపలికి దోపి, ఏ జతకా జత సర్దుతున్నాడు. ఎవరో కొత్తవాళ్లు కేటరింగ్ మనిషి అనుకుని పేపర్ ప్లేట్లు ఎక్కడున్నాయని అడిగితే లేచి వెళ్లి తెచ్చిచ్చాడు కూడా. ఏ ఇంట్లో కూడికైనా మా అన్న ఉండేది అక్కడే.

మా చిన్నతనం హ్యూస్టన్ నైరుతి మూల ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో గడిచింది. అమెరికాలో తెలుగువాళ్లు బీదగా బతికారంటే మనవాళ్లు నమ్మరు, నవ్వుతారు. మేం బతికాం. రేపల్లె కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా ఉన్న నాన్న, దూరపు బంధువొకాయన చూపించిన ఉద్యోగాన్ని నమ్ముకుని వచ్చాడు. ఆ ఉద్యోగం పట్టుమని ఏడాది నిలవలేదు. వీసా కాగితాలు మాత్రం ఏళ్ల తరబడి ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉండేవి. నాన్న గ్యాస్ స్టేషన్‌లో, అదే పెట్రోలు బంకులో, అద్దం వెనక నిలబడేవాడు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పేరు తెచ్చుకున్న అమ్మ ఇక్కడి పరీక్ష గట్టెక్కలేక, ముసలివాళ్ల హోమ్‌లో వాళ్లకి స్నానాలు చేయించే పనిలో చేరింది. ఆమె ఇంట్లోకి వచ్చిందంటే ముందు బ్లీచ్ వాసన, వెనకనే పౌడరు వాసన వచ్చేవి. సోఫాలో కూర్చుని చెప్పులు విప్పుతూనే నిద్రపోయేది. అన్న వెళ్లి మెల్లిగా రెండో చెప్పు విప్పేవాడు.

మాది పై అంతస్తు. ఇనప మెట్లు, ఎప్పటిదో తెలియని గోధుమ రంగు కార్పెట్, కిటికీలో బిగించిన ఏసీ, దాని కింద కారే నీళ్లకి పెట్టిన పెయింటు డబ్బా. ఎండాకాలం వస్తే పార్కింగ్ తారు మెత్తబడి చెప్పులకి అంటుకునేది, గులాబీరంగు పూలు రాల్చే చెట్లలో కీచురాళ్లు చెవులు చిల్లులు పొడిచేవి, సాయంత్రం ఐసు గోకి రంగు పానకం పోసి అమ్మే ఆయన గంట కొట్టుకుంటూ బండి తోసుకొచ్చేవాడు. కాంప్లెక్స్ మధ్యలో నీళ్లు తీసేసిన స్విమ్మింగ్ పూల్ ఒకటి ఉండేది. ఎవడో పిల్లవాడు మునగబోయాడని ఓనరు నీళ్లు వదిలించాడు, మళ్లీ నింపలేదు. మాకదే మైదానం. లోతు తక్కువ వైపు నేను, నా ఈడు ఆడపిల్లలు గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, వాలు మీద చిన్న మగపిల్లలు అట్టపెట్టెల మీద కూర్చుని జారేవాళ్లు, లోతు వైపు పెద్దకుర్రాళ్ల బంతాట. వాన పడితే ఆ మూల ఆకులు కుళ్లి, కప్పపిల్లలు పుట్టి, పది భాషల పిల్లలం వంగి వాటిని చూసేవాళ్లం.

సరిగ్గా మా కింద ఇంట్లో విల్మర్, వాళ్లమ్మ మార్తా ఉండేవాళ్లు. సాల్వడార్ దేశం నుంచి వచ్చారు. మార్తా ఆఫీసుల్లో నేలలు తుడిచేది. విల్మర్ మా అన్నకంటే ఒక ఏడు చిన్న, బక్కగా, చెవులు దొప్పల్లా, ఎప్పుడూ ఏదో ఒకటి ఈలపాటగా పాడుతుండేవాడు. మేమూ వాళ్లూ ఒకే గుడి వాళ్లమని కూడా చెప్పవచ్చు. ముసలి అమెరికన్లు కొద్దిమంది మిగిలిన ఒక చర్చి తన భవనాన్ని ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు సంఘానికీ, సాయంత్రం వాళ్ల స్పానిష్ సంఘానికీ అద్దెకిచ్చేది. మా వాళ్ల వాక్య ప్రసంగం ఏనాడూ టైముకి ముగిసేది కాదు. అయ్యగారు "చివరిగా ఒక్క మాట" అన్నాక అరగంటకి, స్పానిష్ వాళ్లు గిటార్లతో తలుపు దగ్గర నిలబడి ఉంటే, మేం తబలా డోలక్ మోసుకుంటూ తలలు వంచుకుని బయటికి వచ్చేవాళ్లం. మా అన్న డోలక్ వాయించేవాడు. విల్మర్ ముందే వచ్చి కిటికీలోంచి వినేవాడు, డోలక్ మోయడానికి సాయం కూడా పట్టేవాడు.

క్రిస్మస్‌కి అమ్మ అరిసెలు వండేది. కరెంటు పొయ్యి మీద పాకం ఎప్పుడూ ముదిరేది, నూనె పొగకి గోడమీది అలారం కూసేది, అన్న కుర్చీ ఎక్కి అట్టముక్కతో విసిరేవాడు, నాన్న "ఆ గోడమీంచి పీకేయరాదా దాన్ని!" అని అరిచేవాడు, నేను అరిసెలు వత్తిన చెంచాలకి అంటిన నువ్వులు నాకేదాన్ని. వరండా రెయిలింగుకి కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టేవాళ్లం. అరిసెల డబ్బా కిందికి వెళ్లేది, మొక్కజొన్న పొత్తు ఆకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించిన వాళ్ల పిండి పొట్లాలు పైకొచ్చేవి. విల్మర్ అరిసెని రెండు చేతులా పట్టుకుని అంచులు కొరుక్కుంటూ మధ్య ముక్క చివరికి దాచుకునేవాడు.

ఆ చుట్టుపక్కల కుర్రాళ్ల చేతుల్లో ఏముంటుందో ఎవరికీ నమ్మకం ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం ఓ పిల్లాడు నాన్న గ్యాస్ స్టేషన్‌లోకి వచ్చి తుపాకీ చూపించాడు. గల్లాపెట్టెలో ఉన్న డబ్బూ, ఒక చిప్స్ ప్యాకెట్టూ తీసుకుని పరిగెత్తాడు. ఆ ఆదివారమే నాన్న సంఘంలో సాక్ష్యం చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు వాడు బక్క పిల్లాడు, చెయ్యి వణికింది. తర్వాత తర్వాత నాన్న ఆ సాక్ష్యం చెప్పినప్పుడల్లా వాడు ఎత్తు పెరిగాడు, తుపాకీ పొడుగైంది, నాన్న గొంతు గంభీరమైంది, దేవుడు కాపాడిన తీరు మరింత అద్భుతమైంది. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక అనేది:

"చిప్స్ ప్యాకెట్ పట్టుకుబోయాడంటే ఆకలి మీదున్నాడు గదండీ ఆ పిల్లోడు."

నాన్నకి ఆ మాట నచ్చేది కాదు.

అన్న తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్ బస్సులో కొందరు వాణ్ణి రోజూ కొట్టేవాళ్లని మాకు చాలా రోజులు తెలియలేదు. చొక్కా చిరిగితే ఆటలో చిరిగిందనేవాడు. ఒకసారి నాన్నతో చెప్పాడట. నాన్న వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, తిరిగి కొట్టొద్దని చెప్పి పంపాడు. మర్నాడూ బస్సు అదే, కుర్రాళ్లూ వాళ్లే. ఆ తర్వాత వాడు తనకంటే పెద్దవాళ్లయిన ముగ్గురితో తిరగడం మొదలుపెట్టాడు, బస్సులో వాడి జోలికి రావడం మానేశారు. ఆదివారం డోలక్ వాయించేటప్పుడు వేళ్ల కణుపులు వాచి ఉండేవి, అరచేత్తోనే వాయించేవాడు. ఆ అరచేతి దెబ్బకి పాట బరువెక్కిందని పెద్దవాళ్లు మెచ్చుకునేవాళ్లు.

పదో తరగతి మొదట్లో అమ్మ వాడికి తెల్ల బూట్లు కొంది. సెలవు రోజుల్లో కూడా డ్యూటీ చేసి కొంది. అప్పట్లో ఆ బూట్లు కాళ్లకుంటే స్కూల్లో మనిషి కింద లెక్క, లేకపోతే లేదు. అన్న వాటిని పాత టూత్‌బ్రష్‌తో తోమేవాడు, వానలో కవర్లు కట్టుకునేవాడు, ఇంట్లో మంచం పక్కన పెట్టుకుని పడుకునేవాడు. అమ్మ చూసి నవ్వేది. "బైబిలన్నా అట్టా తుడుచుకోరా" అనేది.

నెలకోసారి శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. వచ్చినవాళ్లందరూ గుమ్మం బయట, ఆ ఇనప మెట్ల మీద, చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్లు. మన ఊళ్లలో అది ఆలోచించవలసిన సంగతి కాదు. ప్రార్థన చేసే చోటికి చెప్పులతో వెళ్తామా? ఆ కాంప్లెక్స్‌లో మాత్రం సైకిలు చక్రాన్ని కూడా గొలుసుతో కట్టేసుకునేవాళ్లు, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా కూడా ఎవరూ ఉంచేవాళ్లు కాదు. మేం మాత్రం అందరి చెప్పులూ బారెడు మేర పరిచేసి, తలుపు వేసుకుని, కళ్లు మూసుకునేవాళ్లం. లోపల చాపల మీద ఇరుక్కుని కూర్చుని, ఏసీ చాలక విసురుకుంటూ పాడుతుంటే గోడలు అదిరేవి. ప్రార్థన అయ్యాక పులిహోర, కోడికూర, సేమ్యా. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒకటే గందరగోళం, ఒకరి చెప్పులు ఇంకొకరు వేసుకుని కిందికి దిగి, మళ్లీ నవ్వుకుంటూ ఎక్కి రావడం ప్రతిసారీ ఉండేదే.

సెప్టెంబరు కూడిక రోజు పెద్ద వాన. అందరూ తలల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని కార్లకి పరుగులు పెట్టారు. అందరూ వెళ్లాక చూస్తే, అందరితో పాటు గుమ్మం బయట విడిచిన అన్న తెల్ల బూట్లు లేవు. మెట్ల మీద ఒక జత నీలం హవాయి చెప్పులు మాత్రం మిగిలాయి. ఎవరివో మర్చిపోయారని అమ్మ వాటిని కవర్లో పెట్టి తలుపు వెనక మేకుకి తగిలించింది, వచ్చే నెల ఇవ్వవచ్చని. ఆ చెప్పులు అక్కడ అందరి కళ్ల ముందూ వేలాడుతూనే ఉన్నాయి. చెప్పులు మర్చిపోయినవాళ్లు వానలో వట్టికాళ్లతో ఎట్లా వెళ్లారని మాలో ఒక్కరమూ అనుకోలేదు. బూట్లు పోయాయంటే కింద తిరిగే కుర్రాళ్లు ఎత్తుకుపోయారన్నది మాకు అప్పుడే తేలిపోయింది. సంఘం వాళ్ల మీదికి మా ఆలోచనే పోలేదు, వాళ్లు మనవాళ్లు.

రెండు మూడు వారాలకి ఒక సాయంత్రం నేను వరండాలో బట్టలు తీస్తున్నాను. విల్మర్ తెల్ల బూట్లు వేసుకుని ఈల వేసుకుంటూ పూల్ వైపు వెళ్లాడు. అన్న బూట్లలాంటివే, కొత్తగా మెరుస్తున్నాయి. కాసేపటికి అన్న, ఆ ముగ్గురు కుర్రాళ్లు పూల్ మెట్లు దిగారు. లోతు వైపు మా వరండాలోంచి కనబడదు. విల్మర్ నవ్వుతూ ఏదో అనడం వినపడింది, తర్వాత గొంతులు పెరిగాయి, తర్వాత ఎవరో బరువైన దుప్పటి దులిపినట్టు చప్పుడు, మళ్లీ మళ్లీ అదే చప్పుడు. బంతాడుతున్న పిల్లలు చెల్లాచెదురుగా పైకి వచ్చేశారు. చివరికి అన్న ఇనప నిచ్చెన ఎక్కి వచ్చాడు, లేసులు ముడేసిన తెల్ల బూట్లు మెడలో వేలాడుతున్నాయి.

వాడు ఇంట్లోకి వచ్చేసరికి నాన్న భోజనానికి కూర్చుని ఉన్నాడు. "దొరికినయ్యా! దేవునికి స్తోత్రం!" అన్నాడు. అమ్మ బూట్ల వంక చూడలేదు. వాడి చేతుల వంక చూసింది.

"కొట్టావా?"

"అడిగితే ఇవ్వలేదమ్మా. వాడివేనంట."

అంతలో కింద మార్తా కేక వినపడింది. దాని వెనకనే అంబులెన్స్. అమ్మ మెట్లు దిగి పరిగెత్తింది, నర్సు కదా, కానీ మార్తా ఆమెని దగ్గరికి రానివ్వలేదు. విల్మర్ ఎడమ చెవిలోంచి రక్తం వస్తోందని అమ్మ తిరిగొచ్చి చెప్పింది, కుళాయి కింద చేతులు కడుక్కుంది, ఆ చేతులకి ఏమీ అంటకపోయినా చాలాసేపు కడుక్కుంది.

పోలీసులు వచ్చి తలుపు తలుపూ తట్టారు. కాంప్లెక్స్‌లో ఎవరూ ఏమీ చూడలేదు. విల్మర్ తానే నిచ్చెన మీంచి పడ్డానన్నాడట. ఎవరి కాగితాల భయం వాళ్లది. మా ఇంట్లో నాన్న తలుపు వేసి, "ఇది బయటికి పొక్కితే మనం అందరం రేపల్లె బస్సెక్కాల్సిందే" అన్నాడు. తప్పు చేశాడు గానీ దొంగిలించిన వాణ్ణే కదా కొట్టింది, పశ్చాత్తాపపడతాడు, ప్రార్థన చేద్దాం అన్నాడు. మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేశాం. అన్న ఆమెన్ అనలేదు.

ఆ తర్వాతి రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాళ్లు చెమట పడతాయి. మార్తా అక్కకొడుకు ఎక్టర్ అని ఇరవై ఏళ్లవాడు వాళ్లింటికి వచ్చి ఉన్నాడు. మా మెట్ల ఎదురుగా కారు బానెట్ మీద కూర్చుని మా కిటికీ వంక చూస్తుండేవాడు. ఒక పొద్దున నాన్న కారు వెనకద్దం పగిలి ఉంది. అన్నని నాన్నే స్కూలుకి దింపి తెచ్చేవాడు, మేం కిటికీ ఉన్న గదిలో కూర్చోవడం మానేశాం, నేను మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే అన్న ఎక్కడున్నాడో చూసుకునేదాన్ని. వాణ్ణి చంపేస్తారని నాకు నమ్మకం. పదేళ్ల పిల్లని, రాత్రి ప్రార్థనలో దేవుడితో బేరాలాడేదాన్ని. అమ్మ ఒకసారి పులిహోర గిన్నె పట్టుకుని కిందికి వెళ్లింది, తలుపు తియ్యలేదు, గిన్నె అట్లాగే తెచ్చింది.

అన్న ఆ బూట్లే వేసుకుని తిరిగేవాడు. అవి వాణ్ణి కరిచేవి. మడమల దగ్గర తోలు లేచింది. అమ్మ ప్లాస్టర్ వేస్తూ అడిగింది:

"నీ బూట్లు నిన్ను కరవడం ఏందిరా?"

"వానకి తడిసినై కదా, ష్రింక్ అయ్యాయమ్మా."

అమ్మ ప్లాస్టర్ నొక్కి పట్టుకుని వాడి మొహంలోకి చూసింది. వాడు పాదం లాక్కున్నాడు. వాడికి అప్పటికే తెలుసని నేననుకుంటాను. తెలిసినా, విప్పితే ఒప్పుకున్నట్టే గనక ఆ నొప్పితోనే నడిచాడు.

అక్టోబరు కూడిక వచ్చింది. నాన్న మానుకుందామన్నా అమ్మ మానలేదు. జనం ఒక్కొక్కరే మెట్లెక్కి చెప్పులు విడుస్తున్నారు. డాక్టర్ ఆనందరావు గారి కుటుంబం వచ్చింది. ఊరికి అవతల చెరువు పక్కన పెద్ద ఇళ్లలో ఉండేవాళ్లు, మా సంఘంలో ఒకే ఒక్క డాక్టరు. డాక్టరుగారి భార్య గుమ్మంలోనే అమ్మ చేతికి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చింది.

"వందనాలు సుశీలమ్మా. పోయినసారి వానలో మావాడు హవాయి చెప్పులు వదిలేసి మీ ప్రభు బూట్లు తొడుక్కొచ్చాడమ్మా. ట్రంక్‌లో పడేశాడు, మేమూ చూళ్లేదు. చూశాక ఫోన్ చేద్దామనుకున్నాం, ఎలాగూ వస్తున్నాం కదా అని..."

ఆమె నవ్వుతూనే చెప్పింది. ఆమె కొడుకు జాయ్‌కి బూట్లు చాలానే ఉండేవి, ఒక జత ఎక్కువైనా వాడికి తెలియలేదు. అమ్మ కవరు విప్పింది. తెల్ల బూట్లు, టూత్‌బ్రష్‌తో తోమిన గీతలు ఇంకా కనబడుతున్నాయి. ఆమె లోపలికి వెళ్లి అన్న మంచం పక్కనున్న జత తెచ్చి, కార్పెట్ మీద రెండు జతల్నీ పక్కపక్కన పెట్టింది. మంచం పక్కనుంచి తెచ్చిన జత చిన్నది. కంటికి ఇట్టే తెలిసిపోతోంది. గదిలో అప్పటికే పాట ఎత్తుకున్నారు, డోలక్ ముందు కూర్చున్న అన్న చేతులు ఆగిపోయాయి.

"ఇయ్యెవరివిరా?" అంది అమ్మ.

నాన్న ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడొద్దు సుశీలా. అందరూ ఉన్నారు. ముందు ప్రార్థన కానీ."

"ప్రార్థన చేసీ చేసీ ఉన్నాంగా. చేసినాకే గదా ఇయ్యి బయటపడింది." అమ్మ చిన్న జతని చేతిలోకి తీసుకుంది. "లెగు ప్రభూ."

వాళ్లిద్దరూ వట్టికాళ్లతోనే మెట్లు దిగారు, వెనక నేను. ఎవరూ పిలవకపోయినా వెళ్లాను. పైన ఎవరికీ ఏం చెయ్యాలో తోచక పాట కొనసాగించారు, డోలక్ లేకుండా. కింద తలుపు ఎక్టర్ తీశాడు. అన్నని చూడగానే గుమ్మం దాటి ఒక్కటి కొట్టాడు. అన్న రెయిలింగుకి తగిలి, ఆనుకుని నిలబడ్డాడు, చెయ్యెత్తలేదు. నేను అరిచాను. అమ్మ కదల్లేదు. లోపల్నుంచి మార్తా ఏదో అంది, ఎక్టర్ పక్కకి తప్పుకున్నాడు.

విల్మర్ తల్లి వెనక నిలబడి ఉన్నాడు, చెవి మీద దూది. అమ్మ అన్నతో, "చెప్పు" అంది.

"ఇవి నావి కావు," అన్నాడు అన్న ఇంగ్లీషులో, నేల చూస్తూ.

విల్మర్ తల పక్కకి తిప్పి కుడిచెవి ముందుకి పెట్టాడు. "ఏంటి?" అన్నాడు. వాడికి నిజంగానే వినపడలేదు.

అన్న తలెత్తి, గట్టిగా, మళ్లీ చెప్పాడు. "ఇవి నావి కావు. నీవి. నేను పొరపాటుపడ్డాను." ఆ రెండోసారి చెప్తూ ఏడ్చాడు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ మా అన్న ఏడవడం నేను చూడలేదు.

మార్తా బూట్లు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అవి వాడి బాప్తిస్మానికి కొన్నవట. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు. చర్చిలో మేమూ పాడే వేదిక వెనక తొట్టిలోనే వాడు మునగవలసింది. చెవిలోకి నీళ్లు పోకూడదని డాక్టరు చెప్పడంతో ఆగిపోయిందంది. తర్వాత అమ్మ వంక చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో అంది: "క్షమించమని దేవుడు చెప్పాడు, క్షమిస్తాను. నాకైతే ఇష్టం లేదు." అమ్మ తల ఊపింది. ఆసుపత్రి బిల్లు గురించి అమ్మ ఏదో మొదలుపెడితే మార్తా తలుపు వేసేసింది.

ఎక్టర్ మళ్లీ కారు మీద కూర్చోలేదు. క్రిస్మస్‌కి ముందే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఎక్కడికో చెప్పలేదు. ఆ ఏడు అమ్మ అరిసెలు వండింది, డబ్బా ఎక్కడికీ వెళ్లలేదు. విల్మర్‌కి ఆ చెవి మళ్లీ వినపడిందో లేదో, బాప్తిస్మం తీసుకున్నాడో లేదో నాకు తెలియదు. అన్న చాలా ఏళ్లు వెతికాడని మాత్రం తెలుసు. వాడు ఆ ముగ్గురినీ వదిలేశాడు, మళ్లీ బస్సులో దెబ్బలు తిన్నాడు. డోలక్ ముట్టలేదు. జాయ్ వాళ్లమ్మ తెచ్చిచ్చిన ఆ తెల్ల బూట్లు మేం ఆ ఇల్లు వదిలేదాకా వరండాలో ఎండకి ఎండాయి, అన్న నాన్న పాత బూట్లు వేసుకుని స్కూలుకి వెళ్లాడు. నాన్న ఎన్ని సాక్ష్యాలు చెప్పినా ఈ సంగతి సంఘంలో ఎప్పుడూ చెప్పలేదు. గ్యాస్ స్టేషన్ సాక్ష్యం కూడా ఆ తర్వాత మానేశాడు.

ఇప్పుడు నాన్న లేడు. ఆ కాంప్లెక్స్‌ని కూల్చి సామాన్లు దాచుకునే గోదాములు కట్టారు, పూల్ ఎక్కడుండేదో గుర్తుపట్టలేం. సంఘానికి సొంత మందిరం వచ్చింది, కార్పెట్ మీద అందరూ బూట్లతోనే నడుస్తారు. ఇళ్లలో కూడికలకి మాత్రమే విడుస్తున్నాం, వాటికీ గరాజ్‌లో కెమెరా కాపలా ఉంది. అమ్మ నిన్న ముందు కుర్చీలో కూర్చుని పాత కీర్తనలన్నీ పుస్తకం లేకుండా పాడింది. పాటకీ పాటకీ మధ్య ఆమె కూడా గరాజ్ తలుపు వైపు చూడడం గమనించాను.

కూడిక ముగిసి భోజనాలయ్యాక పిల్లలు గరాజ్‌లోకి పరిగెత్తారు. నేనూ వెళ్లాను. మా స్నేహితుల చిన్నవాడు ఒకడు తెల్ల బూట్లలో పాదం దూర్చబోతుంటే అన్న కింద కూర్చుని మడమ పట్టుకున్నాడు.

"అవి నీవి కావు నాన్నా. ఇవిగో, ఇవి నీవి."

"బట్ అంకుల్, సేమ్ ఉన్నయ్ కదా," అన్నాడు వాడు అమెరికన్ యాసలో.

"సేమ్‌గానే ఉంటాయి," అని అన్న వాడి లేసులు కట్టాడు, వేళ్లతో ముందు భాగం నొక్కి, సరిపోయాయో లేదో చూశాడు. ఒక్కో కుటుంబం వెళ్లింది, కార్లు వెళ్లాయి. గరాజ్ నేల మీద తడి మరకలు తప్ప ఏమీ లేవు. ఒక్క జత కూడా మిగల్లేదని వంగి, అలమర కింద కూడా చూసుకున్నాక, అప్పుడు మా అన్న లోపలికి వచ్చి అన్నం పెట్టమన్నాడు.